వంక లేని చోటు

ఓడ ఆ దీవి దగ్గర ఆగేది ఆరు గంటలే. పొద్దున పదిన్నరకు దింపుతారు, సాయంత్రం నాలుగున్నరకల్లా మళ్ళీ ఎక్కెయ్యాలి. మైకులో ఆడగొంతు ఆ మాట మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ అతను మనసులో లెక్క వేసుకున్నాడు. మంచి పబ్బు వెతకడానికి ఒక గంట, రెండు గ్లాసులు తాగడానికి ఇంకో గంట, ఆ మాట చెప్పడానికి అయిదు నిమిషాలు. తరవాత మిగిలే సమయంలో ఏం జరుగుతుందో అతనికి తెలియదు. బావ కొట్టొచ్చు. ఏడవొచ్చు. ఒక్కడే ఓడెక్కి గది గడియ వేసుకోవచ్చు. ఏది జరిగినా మేలే అనిపించే స్థితికి వచ్చేశాడతను.

ఇది నాలుగో దీవి. మొదటిదాంట్లో వాన. రెండోదాంట్లో బావకు కడుపు బాగోలేదు. మూడోదాంట్లో వానా లేదు, బావ కడుపూ నిక్షేపంలా ఉంది, ఇతని నోరే పెగల్లేదు. ఓడలో గది ఉంది కదా, అక్కడ చెప్పెయ్యొచ్చు కదా అంటే, ఆ గదిలో మాత్రం అతనివల్ల కాదు. రెండు మంచాల గది అది. మధ్యలో మోకాళ్ళు పట్టేంత సందు. ఒక మంచం బావది. రెండోది అక్క పేరు మీద తీసుకున్నది.

ఈ ప్రయాణానికి టిక్కెట్లు అక్కే తీసుకుంది, బావ రిటైరయ్యే నెల చూసుకుని, ఏడాది ముందుగా. ఆ నెల రాకముందే ఆవిడ పోయింది. పేరు మార్చుకోవచ్చు గాని రద్దు కుదరదన్నారు ఓడ కంపెనీవాళ్ళు. "నువ్వు రారా," అన్నాడు బావ ఫోనులో. "ఖాళీ మంచం పక్కన పన్నెండు రోజులు పడుకోవడం నావల్ల కాదు." అలా అక్క పేరు కొట్టేసి ఇతని పేరు రాశారు. దీపం ఆర్పాక ఆ మంచం మీద వెల్లకిలా పడుకుని, ఆవిడ పడుకోవలసిన పరుపు తన వీపు కింద వెచ్చబడుతుంటే, చెప్పవలసిన వాక్యాన్ని లోలోపల సరిచూసుకునేవాడు. వాక్యం చిన్నదే. బావా, ఆ మొదటి శాంపిల్ గడ్డకట్టలేదు.

అతను రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ఒకరోజు అక్క నవ్వుకుంటూ వచ్చి, "ఊరికే నీరసంగా ఉంటోందిరా చిన్నోడా, ఓసారి పొడిచి చూడు," అని చెయ్యి చాపింది. పొడిచాడు. గొట్టాన్ని మిషన్‌లో పెట్టాడు. తెల్లకణాల అంకె చూసి మిషన్ పాడైందనుకున్నాడు. మళ్ళీ పెట్టాడు. అదే అంకె. అప్పుడొక చుక్క గాజుపలక మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూశాడు. ఉండకూడని కణాలు, గుంపులు గుంపులుగా. పరాయివాళ్ళ రక్తమైతే రెండు నిమిషాల్లో డాక్టరుకు ఫోన్ చేసేవాడు. అలాంటి ఫోన్లు ఎన్ని చేశాడో లెక్కలేదు. ఆరోజు మాత్రం కళ్ళెత్తి కిటికీ వైపు కాసేపు చూసి, రిజిస్టరు తెరిచి రాశాడు: శాంపిల్ గడ్డకట్టింది, మళ్ళీ తియ్యాలి.

ల్యాబుల్లో అది రోజూ రాసే మాటే. రోజుకు నాలుగు గొట్టాలన్నా గడ్డకడతాయి. అంత మామూలు మాట వెనక ఒక మనిషి పూర్తిగా దాక్కోవచ్చని అతనికి అప్పటిదాకా తెలియదు. రేపు మళ్ళీ తీద్దాం, రేపటి రక్తం ఇంకో మాట చెబుతుంది అనుకున్నాడు. నిజానికి అలా అనుకోనూ లేదు. ఏమీ అనుకోకుండా చూసుకున్నాడు. "మళ్ళీ పొడుస్తావా బాబూ, వచ్చే నెల చూద్దాంలే," అంది అక్క. "సరే అక్కా," అన్నాడు. ఆ రెండు మాటలు అంటున్నప్పుడు తన గొంతులో ఒక హాయి వినిపించింది. చేసిన పని కంటే ఆ హాయినే అతను క్షమించలేకపోతున్నాడు. వచ్చే నెల ఆపై నెలయింది. పదకొండు వారాల తరవాత, చేతుల నిండా కమిలిన మచ్చలతో ఆవిడ ఆస్పత్రిలో చేరింది. అక్కడి పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి, "రెండు నెలల ముందు వచ్చుంటే," అని ఆపేశాడు. ఆ ఆగిపోయిన మాట విని బావ గోడకు చేరగిలబడి కిందికి జారిపోతుంటే, చంకల కింద చేతులు వేసి నిలబెట్టింది ఇతనే.

"ఏరా మైక్రోస్కోపూ, నేల మీదేం వెతుకుతున్నావు?" అన్నాడు బావ, ఓడ మెట్లు దిగుతూ.

"ఏం లేదు బావా. ఇవాళ మాత్రం మంచి చోటు చూసుకుని కూర్చోవాలి. ఓడలో తాగుతుంటే మందు మింగుతున్నట్టుంది."

"కూర్చుందాం. అంత తొందరేమొచ్చింది? ఓడ తోలాల్సింది నువ్వేనా ఏంటి?"

రేవు పొడుగునా ఒకదాన్ని ఒకటి రాసుకుంటూ పబ్బులు. అన్నిట్లోనూ ఓడ దిగిన జనమే, మెడల్లో ఓడ కార్డులు వేలాడేసుకుని. ప్రతి గోడకూ ఒక టీవీ, ప్రతి టీవీలో ఒకే ఆట. గుమ్మం దగ్గర ఒక కుర్రాడు దారికడ్డం వచ్చాడు. "రండి సార్, మొదటి గ్లాసు కొంటే రెండోది ఫ్రీ!"

"మొదటిదే వద్దురా నాయనా," అన్నాడు బావ. ఇతనివైపు తిరిగి, "వీళ్ళందరినీ పొద్దున టిఫిన్ దగ్గర చూశాం. మళ్ళీ ఇక్కడా ఈ మొహాలేనా?" అన్నాడు.

అది ఇతనికీ న్యాయంగానే తోచింది. తను చెప్పవలసిన మాటను ఈ గోలలో అరిచి చెప్పలేడు.

వెనక వీధిలో, రెండు దుకాణాల మధ్య కిందికి మెట్లు, మెట్ల చివర పచ్చ దీపం. చల్లటి గాలి పైకి వస్తోంది. లోపల అలికిడి లేదు. అతను రెండు మెట్లు దిగి వెనక్కి చూశాడు. బావ పైనే నిలబడి ఉన్నాడు, చేతులు వెనక్కి కట్టుకుని. ఆ నిలబడడం అతనికి బాగా తెలుసు. బావ అగ్నిమాపక శాఖలో తనిఖీ అధికారిగా ముప్ఫై నాలుగేళ్ళు చేశాడు. సినిమాహాళ్ళు, హోటళ్ళు, ఆస్పత్రులు. ఏ గదిలోకి అడుగుపెట్టినా ముందు బయటికి దారి ఎక్కడుందో చూస్తాడు. "మొదటిసారి మా ఇంటికొచ్చి ముందు వెనక తలుపును చూశారు, ఆ తరవాతే నన్ను చూశారు," అని అక్క అందరికీ చెప్పి నవ్వించేది.

"దిగడానికీ ఇవే మెట్లు, ఎక్కడానికీ ఇవే," అన్నాడు బావ. "కింద నలభైమంది కూర్చున్నప్పుడు పైన ఒక్క కుర్చీ అంటుకుంటే చాలు."

"పట్టపగలు పదకొండింటికి ఎవరంటిస్తారు బావా?"

"నిప్పు టైము చూసుకుని వస్తుందేంట్రా?"

"మనం కూర్చునేది గంటేగా."

"పొగకి నాలుగు నిమిషాలు చాలు."

మెట్లెక్కి పైకొచ్చాడు.

మూడోది అతను వెతుకుతున్న చోటే. సందు చివర, బోర్డు కూడా లేని పాత ఇల్లు. లోపల నాలుగు బల్లలు, అన్నీ ఖాళీ. గోడ గడియారం చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. కౌంటరు వెనక లావుపాటి ఆవిడ గ్లాసులు తుడుస్తోంది. మూల బల్ల దగ్గర ఎదురెదురుగా రెండు కుర్చీలు, కిటికీ లోంచి వాటి మధ్యకు పడుతున్న వెలుతురు. ఇక్కడే, అనుకున్నాడతను. బావ పెదవి కూడా విరవకముందే రెండు బీర్లు చెప్పేశాడు. ఆవిడ తెచ్చి పెట్టింది. నురగ పొంగి గ్లాసు అంచు మీద నిలబడింది.

"బావా," అన్నాడు.

బావ లేచి వెనక తలుపు దగ్గరికి వెళ్ళాడు. భుజంతో నెట్టాడు. కదల్లేదు. మళ్ళీ నెట్టాడు. అవతల సీసాలు గలగలమన్నాయి.

"బాత్రూమ్ అటు కాదండీ," అంది ఆవిడ.

"దానికోసం కాదమ్మా. ఈ తలుపెందుకు తెరుచుకోదు?"

"వెనకాల ఖాళీ సీసాల పెట్టెలున్నాయి."

"మరి మంటలొస్తే జనం సీసాలెక్కి దూకాలా?"

"మా నాన్న కాలం నుంచి ఇక్కడ అగ్గిపుల్ల కూడా ఒక్కసారికి వెలిగిన పాపాన పోలేదు, అంత చెమ్మ. అయినా ఏ జనమండీ? పొద్దున్నుంచీ వచ్చింది మీరిద్దరే."

"ఇద్దరం మనుషులం కామా?"

ఆవిడ తుడిచే గుడ్డ కౌంటరు మీద పడేసింది. "మీరు తాగడానికొచ్చారా, తగలెట్టడానికొచ్చారా?"

"తాగడానికే. కాకపోతే బతికి బయటపడాలని ఉంది," అని బావ గుమ్మం దాటేశాడు.

అతను ఆవిడకు క్షమాపణలు చెప్పి, గ్లాసుల్లో నురగ చప్పగా అణగిపోవడం చూసి, వెనకే వెళ్ళాడు. ఒళ్ళు మండిపోతోంది. రిటైరయ్యాక కూడా ఇంకా ఈ తనిఖీలేంటి? సగం సందు నడిచాక ఆ మంట కింద ఇంకేదో తగిలింది. గుండె తేలికగా ఉంది. గండం గడిచినట్టుంది. ఆ తేలిక ఎక్కడిదో, ఇదివరకు ఎప్పుడు వచ్చిందో గుర్తుపట్టి అతను నడిరోడ్డు మీద ఆగిపోయాడు. మనిషి ఇంత చేశాక కూడా మారడా? ఇప్పుడు కూడా వాయిదా పడితే లోపల ఎవరో హమ్మయ్య అంటున్నారు. వాడి పీక నులమాలంటే తన పీక తప్ప ఇంకో పీక లేదు.

"ఏరా, కాళ్ళు నొప్పులా?" అన్నాడు బావ ముందు నుంచి.

"లేదు. ఈసారి నేను చూస్తాను చోటు. నీకు వంక దొరక్కూడదు."

బావ చెయ్యెత్తి వాచీ చూసుకున్నాడు.

జుట్టు కత్తిరించే దుకాణం ముందు ఒకతను చేతిలో దువ్వెనతో నిలబడి ఉన్నాడు. అతన్ని అడిగాడు. "నాలుగువైపులా తెరిచి ఉండే పబ్బు కావాలి. నిప్పంటుకున్నా ఎటైనా పారిపోయేట్టు ఉండాలి."

"నిప్పంటుకుంటుందని ముందే తెలిస్తే తాగడమెందుకు సార్?" అని నవ్వాడు దువ్వెనతను. బావ మొహం చూసి నవ్వు ఆపి, గుట్ట మీదికి దువ్వెన చూపించాడు. "రేవు కూలీలు తాగే చోటుంది పైన. గోడల్లేవు. పైకప్పుందంటే ఉంది. కాని ఎక్కాలి."

ఎక్కారు. ఎండ నెత్తి మీద నిలబడింది. బావ నాలుగడుగులకోసారి నడుము మీద చేతులు పెట్టుకుని ఆగేవాడు. ఒకచోట, "తిరిగి పోదాంరా, ఓడెళ్ళిపోతుంది," అన్నాడు. ఇంకా మూడు గంటలుంది. అతను బావ మోచెయ్యి పట్టుకుని పైకి లాగాడు. ఆ చెయ్యి కొంచెం బిగుసుకుని వెనక్కి లాగినట్టు తోచింది. ఆయాసమనుకున్నాడు.

ఒకప్పుడు పడవలు బాగుచేసిన షెడ్డది. ఆరు గుంజలు, వాటి మీద రేకులు, కింద మట్టినేల. ఎటు చూసినా సముద్రం. ఒక గుంజ పక్కన నీళ్ళ తొట్టి, దానిమీద ఎర్రరంగు వేసిన ఇసుక బకెట్లు మూడు. బావ షెడ్డు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. బకెట్లలో చెయ్యి పెట్టి చూశాడు. ఇసుక పొడిగా ఉంది. తలెత్తి రేకులకేసి చూశాడు. ఇంటి గుమ్మం దాకా వచ్చాక తాళంచెవి లేదని తెలిసి, వెతికిన జేబునే మళ్ళీ వెతుక్కునే మనిషిలా ఉన్నాడు.

భుజాన తువ్వాలుతో ఒక పెద్దాయన వచ్చాడు. ఆ చోటు ఆయనదే. "కూర్చోండి సార్."

కూర్చున్నారు. "ఈ బల్ల ఊగుతోంది," అన్నాడు బావ. పెద్దాయన ఇంకో బల్ల తెచ్చాడు. "ఎండ మొహం మీద కొడుతోంది." కుర్చీ తిప్పాడు. "బీరు చల్లగా లేదు." ఐసులో ముంచిన సీసా తెచ్చి గ్లాసుల్లోకి ఒంపాడు. గ్లాసుల చుట్టూ చెమట పట్టింది. బావ ఒక గుక్క తాగి, పెద్దాయన కేసి చూసి, మళ్ళీ గ్లాసుకేసి చూశాడు. ఇంక అనడానికేమీ మిగల్లేదు.

"బాగుందా సార్?"

"బాగుంది," అన్నాడు బావ. గొంతులో తీర్పు విన్న మనిషి నీరసం. పెద్దాయన వెళ్ళిపోయాడు.

అప్పుడు అతను బావ కళ్ళను చూశాడు. గోడల్లేని ఆ షెడ్డులో కూడా బయటికి దారి వెతుకుతున్నాయి. ఆ వెతుకులాట చూస్తూనే, దాని అర్థం పూర్తిగా అందకముందే, చెప్పేస్తే సరి అన్నట్టు మొదలుపెట్టాడు.

"బావా, నీకొక మాట చెప్పాలి. ఆ మొదటి శాంపిల్..."

"చెప్పకు."

"వినాలి బావా. అది..."

"చెప్పకురా అంటున్నానా."

సముద్రం మీద ఏదో పక్షి అరిచింది. పెద్దాయన దూరంగా సీసాలు సర్దుకుంటున్నాడు.

"నీకు తెలుసా?" అన్నాడు చివరికి.

"ఆవిడ పోయిన నెలకి మీ ల్యాబుకెళ్ళాను, కాగితాలన్నీ ఒకచోట పెట్టుకుందామని. నువ్వు సెలవులో ఉన్నావు. అక్కడున్న పిల్ల మిషన్‌లో మీ అక్క పేరు కొట్టి, ఉన్నవన్నీ తీసిచ్చింది. రెండు కాగితాలొచ్చాయి, గడ్డకట్టిందని ఒకటి, అదే రోజు తేదీతో అంకెలున్నది ఇంకోటి. ఒకటే రావాలి కదా." బావ బీరు తాగి మూతి తుడుచుకున్నాడు. "తనిఖీ చేశామని రాసిన రోజుకీ నిజంగా చేసిన రోజుకీ తేడా పట్టుకోవడమేరా నేను చేసిన ఉద్యోగం. గడ్డకట్టిన రక్తానికి అంకెలొస్తాయా అమ్మా అని ఆ పిల్లనడిగాను. రావు సార్ అంది. మంచి పిల్ల. ఎందుకడిగానో కూడా తెలీదు దానికి."

ఏడు నెలలు. ఏడు నెలలుగా బావ వారం వారం ఫోన్ చేశాడు. తిన్నావా అనడిగాడు. పక్క మంచం మీద పడుకోవడానికి పిలిచాడు. రోజూ దీపం ఆర్పాక ఇతను లోపల వాక్యం సరిచూసుకుంటుంటే, మూరెడు దూరంలో పడుకున్న మనిషికి ఆ వాక్యం ముందే తెలుసు.

"మరి ఎందుకడగలేదు?"

"అడిగితే చెప్తావు. చెప్తే విన్నవాణ్ణవుతాను. విన్నాక ఏదో ఒకటి చెయ్యాలి కదా. నిన్ను తన్నాలి, లేదా పోనీలే అనాలి. రెండూ చేతకావురా నాకు. రెండూ చేసి చూశాను లోపల. నిద్రపట్టలేదు." బావ మొదటిసారి ఇతని కళ్ళలోకి చూశాడు. "ఆవిడ పదేళ్ళప్పుడు ఎలా ఉండేదో, పరికిణీ ఎత్తిపట్టుకుని ఎలా పరిగెత్తేదో తెలిసినవాడివి నువ్వొక్కడివే మిగిలావు. నిన్ను కూడా వదులుకుంటే ఇంకెవరితో మాట్లాడను?"

"కాని నేను చెప్పాలి బావా. చెప్పకపోతే బతకలేను."

"తెలుసు. చెప్తే నీకు దిగుతుంది. దిగింది ఎక్కడికి పోతుంది? నాకెక్కుతుంది. నా మీద ఉన్నది నాకు చాలు. అది నీది, నీ దగ్గరే ఉంచుకో."

"ఆ కాగితం?"

"ఉంది."

ఎక్కడుందో చెప్పలేదు. ఇతను అడగలేదు. పొద్దున్నుంచీ కాదు, నాలుగు దీవుల నుంచీ ఈ మనిషి తనకు అడ్డం పడుతూ వచ్చాడు. మెట్లకు వంక పెట్టాడు, తలుపుకు వంక పెట్టాడు, ఉన్న కడుపునొప్పో లేని కడుపునొప్పో తెచ్చుకున్నాడు. ఇది దయా, శిక్షా? బావ మొహం కేసి అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఎంత చిన్న కణాన్నయినా చూడగానే ఇది ఫలానా అని చెప్పగలిగిన కళ్ళు తనవి. ఆ మొహంలో మాత్రం ఏదీ విడిగా కనపడలేదు. బహుశా బావకు కూడా తెలియదేమో. తెలిసి ఉంటే, రెంటిలో ఏదైనా సరే, భరించవచ్చు.

పెద్దాయన ఖాళీ గ్లాసు చూసి వచ్చాడు. "ఇంకోటి పొయ్యనా సార్? అన్నదమ్ములా మీరు?"

"కాదు. మా ఆవిడ తమ్ముడు," అన్నాడు బావ. గొంతు ఒక్కసారిగా ఇంటికి చుట్టాలొచ్చినప్పటి గొంతైపోయింది. "రక్తపరీక్షలు చేస్తాడు. మా ఆవిడ జబ్బు పడితే చివరిదాకా పక్కనే ఉండి చూసుకున్నది వీడే. రాత్రీ పగలూ. ఈ రోజుల్లో ఎవరు చేస్తారు చెప్పండి."

"అయ్యో పాపం. తమ్ముడంటే అలా ఉండాలి సార్," అన్నాడు పెద్దాయన. తువ్వాలు భుజం మార్చుకుని, జాలిగా ఇతని మొహంలోకి వంగాడు. "మరి జబ్బేంటండీ? మీరు ఆ పనిలోనే ఉన్నారు కదా, ముందే తెలియలేదా?"

బావ గ్లాసు బల్ల మీద పెట్టాడు. కదలకుండా, రెప్పవెయ్యకుండా ఇతని కేసి చూస్తున్నాడు. గాలికి రేకులు టపటపలాడాయి.

"లేదండీ," అన్నాడతను. "తెలిసేసరికే ఆలస్యమైపోయింది."

బావ మెల్లగా తలూపాడు, జవాబు సరిపోయిందన్నట్టు.

"పొయ్యండి," అన్నాడు పెద్దాయనతో. "ఇద్దరికీ."